బడిలో పొద్దుటి ఫలహారం: 52 మంది పిల్లలకు ఏడాది పొడవునా నిలబెట్టడం ఎలా?

బడిగంట (గద్వాల జిల్లా)
2 జులై 2025, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. జోగులాంబ గద్వాల జిల్లాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో నేను ప్రధానోపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. ఒకటి నుంచి ఐదు తరగతుల వరకు 52 మంది పిల్లలు, ఇద్దరం ఉపాధ్యాయులం. మధ్యాహ్న భోజనం ఉన్నంతలో బాగానే నడుస్తోంది. నా బాధంతా ప్రార్థన నుంచి ఆ భోజనం గంట కొట్టేదాకా గడిచే మూడు గంటల గురించే.

మా ప్రాంతం సీడ్ పత్తికి, అంటే విత్తనాల కోసం పండించే పత్తికి, పేరు పొందింది. ఆగస్టు వచ్చిందంటే మగ రకం పూల పుప్పొడిని ఆడ రకం పూలకు అద్దే క్రాసింగ్ పని మొదలవుతుంది. ఆ మూడు నెలలు తల్లులు తెల్లవారకముందే ఇల్లు వదులుతారు. పని లేని రోజుల్లోనూ పొయ్యి వెలిగేది ఒక్కసారే, అదీ మధ్యాహ్నానికి చేలకు తీసుకుపోయే సద్ది కోసం. పిల్లలకు రాత్రి మిగిలిన అన్నం ఉంటే ఉన్నట్టు, లేకపోతే చాయ్.

గత శుక్రవారం ప్రార్థనలో రెండో తరగతి పాప ఒకతె కళ్లు తిరుగుతున్నాయని చెప్పి వరుసలోనే కూర్చుండిపోయింది. నీడలోకి తీసుకువెళ్లి, నీళ్లు తాగించి, పొద్దున ఏం తిన్నావని అడిగాను. "చాయ్ తాగిన సార్, రెండు బిస్కెట్లు ఉంటే ఒకటి తమ్మునికి పెట్టిన" అన్నది. మరునాడు హాజరు వేస్తూ ఒక్కొక్కరినీ దగ్గరకు పిలిచి, పక్కవారికి వినపడకుండా అదే ప్రశ్న అడిగాను. వచ్చిన 49 మందిలో 19 మంది ఏమీ తినలేదు. 13 మంది చాయ్‌తో బిస్కెట్టో రస్కో తిన్నారు. అన్నమో రొట్టెనో తిని వచ్చినవారు 17 మందే.

2023 అక్టోబరు 6న మన రాష్ట్రంలో ముఖ్యమంత్రి అల్పాహార పథకం మొదలైనప్పుడు నేను ఎంతో ఆశపడ్డాను. అధికారుల బృందం తమిళనాడు వెళ్లి చూసి వచ్చింది. ఒకటి నుంచి పదో తరగతి వరకు అన్ని ప్రభుత్వ బడులకూ ఇస్తామని, తొలిరోజు నియోజకవర్గానికొక బడిలో ప్రారంభించి దసరా తర్వాత మిగతా బడులకు విస్తరిస్తామని ప్రకటించారు. ఇడ్లీ సాంబారు, పూరీ ఆలు కుర్మా, పొంగలి, కిచిడీ అంటూ వారం పట్టిక కూడా మాకు చేరింది. మూడు రోజులకే ఎన్నికల నియమావళి వచ్చింది, డిసెంబరులో ప్రభుత్వం మారింది, మా ఊరి దాకా ఆ గిన్నె రానేలేదు.

ప్రభుత్వం మళ్లీ మొదలుపెడితే మంచిదే. అప్పటిదాకా ఊరి సహకారంతో మా బడిలోనైనా ప్రారంభించాలని విద్యా కమిటీలో అనుకున్నాం. మీలో ఇలాంటిది నడిపినవారు, దగ్గర నుంచి చూసినవారు ఉంటే ఎక్కడ తప్పుతుందో ముందే చెప్పగలరా? మొదలుపెట్టి నెలకే ఆపేస్తే పిల్లలకు మొదలుపెట్టకపోవడం కంటే ఎక్కువ అన్యాయం చేసినవాడిని అవుతాను.

పత్తికొండ టీచరు
2 జులై 2025, రాత్రి 10:25

మాస్టారూ, మీరు రాసింది చదువుతుంటే మా తరగతి గదే కళ్లముందు కనిపించింది. మాది కర్నూలు జిల్లా పడమటి వైపు. మిరపకాయల కోతల కాలంలో ఇక్కడి కుటుంబాలు గుంటూరు వైపు వలస పోతాయి, పిల్లలు అవ్వల దగ్గర మిగిలిపోతారు. ఆ అవ్వలకు పొద్దున్నే లేచి వండే ఓపిక ఉండదు.

మా రాష్ట్రంలో అల్పాహారమని ప్రత్యేకంగా లేదు గానీ, 2023 మార్చి నుంచి వారానికి మూడు రోజులు రాగిజావ ఇవ్వడం ప్రారంభించారు. మంగళ, గురు, శనివారాలు జావ, మిగిలిన మూడు రోజులు చిక్కీ. దీన్ని నేను పొయ్యి పక్కన నిలబడి చూశాను కాబట్టి రెండు మాటలు చెప్పగలను.

జావ పెట్టడం సులువని అందరూ అంటారు. పిండిని ముందు చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలుపుకోవాలి, అడుగంటకుండా తిప్పుతూనే ఉండాలి, బెల్లాన్ని విడిగా కరిగించి వడకట్టాలి, ఎందుకంటే సరఫరా అయ్యే బెల్లంలో మట్టి, పీచు వస్తాయి. మొదటి నెలలో మా వంటమనిషి వడకట్టకుండా పోసేసరికి అడుగున ఇసుక తగిలి, పిల్లలు సగం గ్లాసు తాగి మిగతాది చెట్టు మొదట్లో పారబోశారు. అప్పుడు అందరూ పిల్లలకు రాగిజావ నచ్చలేదన్నారు. ఒక పాత పంచెగుడ్డ తెచ్చి వడకట్టించిన రోజు నుంచి గ్లాసులు ఖాళీ అవడం మొదలైంది. కాబట్టి పిల్లలు ఏదైనా తినడం లేదంటే ముందు గిన్నెలోకి తొంగి చూడండి, ఆ తర్వాతే వాళ్ల ఇష్టాయిష్టాల సంగతి.

రెండోది సమయం. జావను పదకొండు గంటలకు ఇస్తే అది మధ్యాహ్న భోజనాన్ని చెడగొట్టడానికే పనికివస్తుంది. ప్రార్థనకు ముందే లోపలికి వెళ్లాలి. మా బడిలో 8:40కి పోయడం మొదలుపెట్టాక ఇంకో మేలు జరిగింది. తొమ్మిదిన్నరకు, పదింటికి నెమ్మదిగా వచ్చే పిల్లలు సమయానికి రావడం అలవాటు చేసుకున్నారు. గ్లాసు ఎవరిది వారే తెచ్చుకుని, వారే కడుక్కుంటారు.

లెక్కల పుస్తకం
3 జులై 2025, ఉదయం 6:40

నేను ముప్పై నాలుగేళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. మీ మనసును తప్పుపట్టడం లేదు. అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేను.

మధ్యాహ్న భోజనం వచ్చాక మన బడుల్లో ఒక ఉపాధ్యాయుడి సమయంలో మంచి భాగం బియ్యం నిల్వల రిజిస్టర్లకు, గుడ్ల లెక్కలకు, యాప్‌లో ఫొటోలకు పోతోంది. మీరు ఇద్దరే ఉన్నారు, ఐదు తరగతులున్నాయి. ఇప్పుడు పొద్దుటి వంట కూడా మీ నెత్తిన పడితే ఆ పిల్లకు కడుపు నిండుతుంది గానీ చదవడం ఎప్పుడు వస్తుంది? పేదవాడి బిడ్డకు బడి ఇవ్వగలిగే ఆస్తి చదువొక్కటే. పైగా బిడ్డకు పొద్దున పిడికెడన్నం పెట్టే బాధ్యతను తల్లిదండ్రుల నుంచి బడి తీసుకుంటే, ఆ ఇంట్లో ఆ బాధ్యత మళ్లీ పుడుతుందా? దీనికి నాకు తృప్తి కలిగించే సమాధానం ఇంతవరకు దొరకలేదు.

హోసూరు తెలుగు
3 జులై 2025, మధ్యాహ్నం 1:15

పెద్దలు అడిగిన ప్రశ్నకు మా బడి అనుభవం కొంత సమాధానం కావచ్చు. నేను తమిళనాడులో కృష్ణగిరి జిల్లాలో పనిచేస్తున్న తెలుగు ఉపాధ్యాయినిని.

ఇక్కడ ముఖ్యమంత్రి అల్పాహార పథకం 2022 సెప్టెంబరు 15న మదురైలో, 1,545 ప్రాథమిక పాఠశాలల్లోని 1 లక్ష 14 వేల మంది పిల్లలతో మొదలైంది. 2023 ఆగస్టు 25న రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటికీ వచ్చింది. నిరుడు జులై 15 నుంచి గ్రామాల్లోని ఎయిడెడ్ బడులకూ ఇచ్చారు. ముఖ్యమంత్రి స్టాలిన్ ఒక బడికి వెళ్లి పొద్దున ఏం తిన్నారని పిల్లలను అడిగితే చాలామంది తినలేదన్నారని, అక్కడి నుంచే ఈ ఆలోచన పుట్టిందని ఆయనే చెప్పారు. బడిగంట గారు హాజరు పట్టీతో చేసిన పని కూడా అదే.

తెలుగువారు గుర్తుంచుకోదగిన సంగతి ఒకటుంది. 1920లో మద్రాసు నగరపాలక సంస్థకు అధ్యక్షుడిగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టి గారు థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు ఫలహారం పెట్టించే తీర్మానం చేయించారు. ఒక్కొక్కరికి రోజుకు ఒక అణాకు మించకూడదన్నారు. ఆయన మన తెలుగు కుటుంబంలో పుట్టినవారు. 1956లో కామరాజ్ గారి మధ్యాహ్న భోజనం, 1982లో ఎం.జి.ఆర్. గారి పౌష్టికాహార పథకం తర్వాత వచ్చాయి. అంటే ఈ నేల మీద బడిలో అన్నం పెట్టడం ఫలహారంతోనే మొదలైంది.

ఇక పెద్దలు చెప్పిన ఉపాధ్యాయుడి భారం గురించి. ఇక్కడ వంటను స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగించారు, అందులోనూ తమ బిడ్డ అదే బడిలో చదువుతున్న తల్లులకు. ఈ ఒక్క నియమంలో ఎంతో తెలివి ఉందని నేను నమ్ముతాను. తన బిడ్డ తినే ఉప్మాలో పురుగున్న రవ్వ వేసే తల్లి ఉండదు. తల్లి వండి పెడుతున్నప్పుడు బాధ్యత ఇంటి నుంచి బడికి తరలిపోయిందనీ అనలేము, ఎందుకంటే ఆ ఇల్లే బడికి వచ్చింది. మేము చేసేది రుచి చూడటం, పిల్లలను కూర్చోబెట్టడం వరకే.

లోపాలు లేవని అనను. సోమవారం ఉప్మా, మంగళవారం కిచిడీ, బుధవారం పొంగలి, మళ్లీ ఉప్మా, మళ్లీ కిచిడీ. రవ్వ మొహం చూస్తేనే కొందరు పిల్లలు ప్లేటులో సగం పక్కవారికి పంచేస్తారు. అంతకంటే బాధ కలిగించేది మరొకటి జరిగింది. 2023లో కరూర్ జిల్లాలో దళిత మహిళ వండిందని కొందరు తల్లిదండ్రులు పిల్లలను తిననివ్వలేదు. కలెక్టరు స్వయంగా ఆ బడికి వెళ్లవలసి వచ్చింది. మీ ఊర్లో వంట ఎవరికి అప్పగిస్తారన్నది సరుకుల లెక్క కంటే ముందు తేల్చుకోండి. ఒకసారి తలవంచి వంటమనిషిని మార్చారా, ఆ తర్వాత ఆ పొయ్యి బడిది కాదు, కులానిది అవుతుంది.

పొయ్యిసెగ
3 జులై 2025, రాత్రి 8:50

నేను ఉపాధ్యాయుడిని కాను. మా అమ్మ పదకొండేళ్లుగా ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండుతున్నది. ఇక్కడ అందరూ పిల్లల గురించి రాశారు, హోసూరు మేడమ్ గారు వండేవారి గురించి కొంత రాశారు. మా ఇంట్లో చూసింది నేను చెప్తాను.

అమ్మకు వచ్చే గౌరవ వేతనం నెలకు మూడు వేలు. కేంద్రం లెక్క ప్రకారం అది వెయ్యే, 2009 నుంచి ఆ వెయ్యి మారలేదు, మిగతాది రాష్ట్రం కలుపుతున్నది. నెలకు ఇన్ని రోజులు పనిచేసే మనిషికి ఇచ్చే దానిని వేతనమని అనలేక గౌరవ వేతనమని పేరు పెట్టారు. కూరగాయలు, నూనె, పప్పు, గుడ్లు ముందు వంట ఏజెన్సీవాళ్లు, అంటే అమ్మలా వండేవాళ్లే, కొనాలి, బిల్లు తర్వాత వస్తుంది. ఒక ఏడాది ఐదు నెలలు రాలేదు. కిరాణా కొట్టు ఆయన ఇక అరువు ఇవ్వనన్నాడు, అమ్మ చెవి కమ్మలు కుదువబెట్టి పప్పు తెచ్చింది. ఆ వారం బడిలో భోజనం ఒక్కరోజు కూడా ఆగలేదు కాబట్టి అలా జరిగిందని ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఫలహారం సంగతి. అమ్మ పొద్దున తొమ్మిదికి బడికి వెళ్లి ఒంటిగంటలోపు వండుతుంది, గిన్నెలు తోమి మూడింటికి ఇల్లు చేరుతుంది. ఎనిమిదిన్నరకు ఇడ్లీ పెట్టాలంటే ముందురోజు మధ్యాహ్నం పప్పు నానబెట్టాలి, సాయంత్రం రుబ్బాలి, నాలుగున్నరకు లేచి ఐదింటికల్లా బడి తాళం తీయాలి. వర్షాకాలం తడి కట్టెలతో పొయ్యి అంటుకోవడానికే అరగంట. ఆ చీకట్లో బడికి ఒంటరిగా నడవాలి. తన ఇంట్లో బిడ్డలుంటే వాళ్లకు ఎవరు వండి పెడతారు? 2023లో పథకం ప్రకటించినప్పుడు టీవీలో పట్టిక చూసి పూరీ, ఆలు కుర్మా అని అందరూ మెచ్చుకున్నారు. అమ్మ మాత్రం "నూరు మందికి నాలుగు వందల పూరీలు ఎవరు ఒత్తాలె?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఉత్తర్వులో సమాధానం ఉండదు.

అందుకని మాస్టారు గారికి చేతులు జోడించి చెప్పేది ఒకటే. ముందు వండే మనిషికి ఎంత ఇస్తారో, ఏ తేదీన ఇస్తారో కాగితం మీద రాయండి. సరుకులకు ముందుగా డబ్బు చేతిలో పెట్టండి. ఆమెను అరగంట కంటే ముందు లేపని వంటలు ఎంచుకోండి. ఈ మూడూ కుదరకపోతే మీ ఫలహారం ఆగిపోయే రోజు నేను ఇప్పుడే చెప్పగలను, అది ఆమెకు మొదటిసారి జ్వరం వచ్చిన రోజు.

పిడికెడు పల్లీలు
4 జులై 2025, ఉదయం 11:30

పొయ్యిసెగ గారు రాసినది చదివాక నేను రాయాలనుకున్న పట్టికను పక్కనపెట్టి మళ్లీ మొదలుపెట్టాను. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో పోషకాహార సలహాదారుగా పనిచేస్తున్నాను.

ముందు చాయ్ గురించి. పిల్లలు చాయ్, బిస్కెట్టుతో వస్తున్నారంటే ఆకలి కొంత తీరిందనుకుంటాం. నిజానికి చాయ్‌లోని టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆ పిల్లలే ఇప్పుడు ఒకటో తరగతి, రెండో తరగతి బెంచీల మీద కూర్చున్నారు. మీ రెండో తరగతి పాప కళ్లు తిరగడాన్ని ఒక్కపూట ఆకలిగా వదిలేయకుండా, ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించమని నా మనవి.

2020 జాతీయ విద్యా విధానం పొద్దుటి ఫలహారం అవసరమని స్పష్టంగానే చెప్పింది. వేడి వంట కుదరనిచోట పల్లీలో శనగలో బెల్లంతో కలిపి, దొరికే పండుతో ఇవ్వవచ్చని కూడా అందులో ఉంది. 2021లో మధ్యాహ్న భోజనానికి పీఎం పోషణ్ అని పేరు మార్చినప్పుడు ఈ ఫలహారం అందులో చేరలేదు. అంటే ఆలోచన కాగితం మీద ఉంది, డబ్బు లేదు.

మీ గద్వాల వాళ్లకు నేను ఇడ్లీ చెప్పను, ఉగ్గాని చెప్తాను. బొరుగులను నీళ్లలో ముంచి, నీరు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు పోపులో కలిపి, పుట్నాల పొడి చల్లితే అయిపోయింది. రుబ్బే పని లేదు, నానబెట్టే పని లేదు, 50 మందికి అరగంటలో సిద్ధమవుతుంది. బొరుగుల్లో బలం తక్కువన్నది నిజమే. అందుకే పుట్నాల పొడిని మీ ఇళ్లలో రుచికి చల్లినట్టు కాకుండా బిడ్డకు 20 గ్రాముల లెక్కన వేయండి, పైన 15 గ్రాముల వేయించిన పల్లీలు కలపండి. రెండూ కలిపి ఎనిమిది గ్రాముల మాంసకృత్తులు వస్తాయి, ఒక గుడ్డు కంటే ఎక్కువ. దించాక నిమ్మకాయ పిండడం మరచిపోవద్దు, ఆ పులుపే పల్లీల్లోని ఇనుమును ఒంటికి చేరుస్తుంది. మిగిలిన రోజుల్లో పత్తికొండ టీచరు గారి రాగిజావ పెట్టండి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, ఎదిగే ఎముకకు అంతకంటే చవకైన ధాన్యం మన దగ్గర లేదు. పల్లీలు పడని పిల్లలు ఎవరైనా ఉన్నారేమో ముందే తల్లులను అడిగి తెలుసుకోండి.

బడిగంట (గద్వాల జిల్లా)
5 జులై 2025, రాత్రి 9:45

మీరందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. ఉగ్గాని మా ఊరి వంటే, అది నాకు ఎందుకు తట్టలేదో!

లెక్క వేసి చూశాను. ఈ మే 1 నుంచి మధ్యాహ్న భోజనానికి ప్రాథమిక తరగతుల బిడ్డకు ఇచ్చే వంట ఖర్చు రోజుకు 6 రూపాయల 78 పైసలు, బియ్యం అదనం. ఫలహారానికి బియ్యం రాదు కాబట్టి మా సంత ధరల్లో బిడ్డకు పది రూపాయలు అవుతుంది. 52 మందికి రోజుకు 520, ఏడాదికి 220 పనిదినాలనుకుంటే 1,14,400 రూపాయలు. వండే ఆమెకు నెలకు రెండు వేల చొప్పున పది నెలలకు ఇరవై వేలు. మొత్తం 1,34,400.

ఇక్కడే చిక్కు వచ్చింది. ఈ మొత్తం తానే ఇస్తానని ఊరి సీడ్ ఆర్గనైజరు (విత్తన కంపెనీల తరఫున రైతులతో సీడ్ పత్తి వేయించే మధ్యవర్తి) ఒకరు ముందుకు వచ్చారు. ఆయన మంచి మాటకారి, ఊర్లో పలుకుబడి ఉన్నవారు. కానీ నిరుడు సెప్టెంబరులో నా నాలుగో తరగతి నుంచి ఆరుగురు పిల్లలు ఇరవై రోజులు కనపడకుండా పోయింది ఆయన విత్తనం ఇచ్చిన చేలలోనే. చిన్న చేతులైతే పువ్వు నలగదని, ఎత్తు తక్కువైతే నడుము వంచనక్కర లేదని అక్కడ పిల్లలను పెడతారు. ఆ చేతి నుంచి ఫలహారం తీసుకోవాలా? తీసుకోకపోతే ఆ 19 మందికి నేను ఏం చెప్పాలి? రెండు రాత్రులుగా నిద్ర పట్టడం లేదు.

కాలిఫోర్నియా వంటగది
6 జులై 2025, ఉదయం 7:20

నేను నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాను. ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల వంటగదిలో సహాయకురాలిగా నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ధనిక దేశంలో పిల్లలు ఆకలితో బడికి వస్తారని నేను ఇక్కడికి రాకముందు నమ్మేదాన్ని కాను.

అమెరికాలో ప్రభుత్వ ఫలహార పథకం 1966లో ప్రయోగంగా మొదలై 1975లో శాశ్వతమైంది. ఆ మధ్యకాలంలోనే, 1969 జనవరిలో, ఓక్లండ్‌లోని ఒక చర్చిలో నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీవారు నల్లజాతి పిల్లలకు ఉచితంగా ఫలహారం పెట్టడం ప్రారంభించారు, తర్వాత ఎన్నో నగరాల్లో పెట్టారు. ప్రభుత్వం శాశ్వతం చేయకముందే ఇరుగుపొరుగువారు వండి పెట్టి, ఇది అవసరమని చూపించిన చరిత్ర ఇక్కడా ఉంది. మీరు చేయబోయేది చిన్న పని కాదు మాస్టారూ.

నేను చెప్పదలచింది ఒక సిగ్గు గురించి. చాలాకాలం ఇక్కడ తక్కువ ఆదాయం ఉన్నవారి పిల్లలకే ఫలహారం ఉచితం. బడి మొదలవకముందే భోజనశాలకు వెళ్లేవాళ్లంటే పేదవాళ్లని అందరికీ తెలిసిపోయేది. దాంతో ఆకలితో ఉన్న పిల్లలే వెళ్లడం మానుకునేవారు. పేదలు ఎక్కువగా ఉన్న బడుల్లో దరఖాస్తు అడగకుండా అందరికీ పెట్టే వీలు 2010 చట్టంతో వచ్చింది, 2022-23 నుంచి మా రాష్ట్రంలో ప్రభుత్వ బడి పిల్లలందరికీ రెండు పూటలా ఉచితమే. కొన్ని బడుల్లో గంట కొట్టాక తరగతిలోనే బల్లల మీద పెట్టేస్తారు, ఎవరు ఎందుకు తింటున్నారన్న ప్రశ్నే రాదు.

అందుకని ఆ 17 మంది ఇంట్లో తిని వస్తున్నారు కదా అని డబ్బు కలిసివచ్చేలా వారిని వదిలేయకండి. 52 మందికీ పెట్టండి, చాలనివారు చాలంటారు.

పొయ్యిసెగ
6 జులై 2025, మధ్యాహ్నం 2:05

ఆర్గనైజరు సంగతి. ఆ డబ్బు తీసుకోవద్దని నా మనసు చెప్తున్నది. ఆయన ఇచ్చినప్పుడే పొయ్యి వెలుగుతుంది, సెప్టెంబరులో మీరు పిల్లల కోసం చేలకు పోయి అడిగిన రోజు ఆరిపోతుంది. ఊరిలో ఆ 52 మంది పిల్లల ఇళ్లున్నాయి. రోజుకొక ఇల్లు 520 రూపాయలు ఇవ్వలేకపోవచ్చు, కానీ పంట వచ్చినప్పుడు ప్రతి ఇల్లు నాలుగు శేర్లు పల్లీలు ఇవ్వగలదు.

లెక్కల పుస్తకం
6 జులై 2025, సాయంత్రం 6:30

మొన్న నేను రాసిన మాటలను వెనక్కి తీసుకోను, ఉపాధ్యాయుడి సమయం గురించి నా భయం ఇప్పటికీ ఉంది. కానీ తల్లిదండ్రుల బాధ్యత గురించి రాసిన వాక్యం రాయకుండా ఉండవలసింది. ఐదింటికి చేనుకు పోయే తల్లి బాధ్యత మరచిపోయినది కాదు. హోసూరు అమ్మాయి, పొయ్యిసెగ బాబు రాసినవి చదివి రాత్రి చాలాసేపు ఆలోచించాను.

మాస్టారు అభ్యంతరపెట్టకపోతే సరుకుల రిజిస్టరు నేను చూస్తాను. మాది వనపర్తి, గంటన్నర ప్రయాణం. నెలకు రెండుసార్లు వచ్చి లెక్క సరిచూసి వెళ్తాను. మీరు ఆ సమయంలో పాఠం చెప్పండి.

బడిగంట (గద్వాల జిల్లా)
10 ఆగస్టు 2025, రాత్రి 8:15

నెల దాటిపోయింది, ఆలస్యానికి క్షమించండి. జరిగింది చెప్తాను.

సీడ్ ఆర్గనైజరు డబ్బు తీసుకోలేదు. ఆయన ఇంటికి వెళ్లి, క్రాసింగ్‌లో బడి పిల్లలను పెట్టబోమని గ్రామసభలో అందరి ముందు చెప్తే సంతోషంగా తీసుకుంటామన్నాను. ఆలోచించి చెప్తానన్నారు, ఇంకా చెప్పలేదు.

విద్యా కమిటీ ఇల్లిల్లూ తిరిగింది. పల్లీలు, రాగులు, బెల్లం ఇచ్చినవారు ఎక్కువ, డబ్బు ఇచ్చినవారు తక్కువ. ఈ బడిలో చదివి హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్న పదకొండు మంది నెలనెలా కొంత పంపుతామని మాట ఇచ్చారు, జులై నెల వాటా పంపారు కూడా. వండే ఆమెకు నెలకు రెండు వేల అయిదు వందలు, ప్రతి నెల 1వ తేదీన, కమిటీ తీర్మానంలో రాశాం. ఆమె కొడుకు మా మూడో తరగతిలోనే ఉన్నాడు. హోసూరు మేడమ్ హెచ్చరించిన మాట ఒకటి రెండు ఇళ్లలో వినిపించింది. కమిటీ అధ్యక్షురాలు "నా మనవరాలు మొదటి పంక్తిలో కూర్చుంటుంది" అని చెప్పి మొదటి రోజు తానే వచ్చి ఆ పాప పక్కన కూర్చుని తిన్నారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

జులై 22న మొదలుపెట్టాం. నాలుగు రోజులు ఉగ్గాని, రెండు రోజులు జావ. మొదటి వారం జావ సరిగా పోలేదు, పత్తికొండ టీచరు గారు చెప్పినట్టు గిన్నెలోకి తొంగి చూస్తే బెల్లం మట్టి. ఇప్పుడు వడకడుతున్నాం. ఈ వారం లెక్కల పుస్తకం గారు బస్సులో వచ్చి రిజిస్టరు చూసి, పుట్నాల పొడి 800 గ్రాములు తక్కువ పడుతోందని పట్టుకున్నారు. బిడ్డకు 20 గ్రాములని చెప్పాం గానీ కొలిచే గిన్నె ఇవ్వలేదు, తప్పు మాదే. సంత నుంచి ఒక చిన్న గిన్నె తెచ్చి, గీత గీసి ఇచ్చాం.

రెండో తరగతి పాపకు పరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ 8.1 మాత్రమే వచ్చింది. ఆరోగ్య కేంద్రంలో మందు ఇచ్చారు. ఆమె ఫలహారంలో పల్లీలు ఏరి లంగా మడతలో దాచుకోవడం మొన్న చూశాను. తమ్ముడికట. వాడు అంగన్‌వాడీకి పోతాడు, మా ప్రహరీ పక్కనే. వండే ఆమెతో మాట్లాడి, రేపటి నుంచి ఆ గోడ మీదుగా ఒక గిన్నె అవతలికి అందించే ఏర్పాటు చేశాం. అక్కడ పద్నాలుగు మంది ఉన్నారు, లెక్క 66కి మార్చాలి.

క్రాసింగ్ మొదలై వారమైంది. ఈ వారం నాలుగో తరగతిలో ఇద్దరు రాలేదు. ఆదివారమైనా ఈ పొద్దున ఆ చేను దాకా వెళ్లి వచ్చాను. రేపు మళ్లీ వెళ్తాను.